ఫ్లై లైను పెట్టెపై అంకెను నమ్మకండి, తూచి కొనండి

దుకాణం నుంచి ఇంటికి వచ్చి గంట కూడా కాలేదు. "కోపం తగ్గాక రాయండి" అంటోంది మా ఆవిడ. తగ్గితే ఇక రాయను, ఆ సంగతి నాకు తెలుసు. 13,100 రూపాయలు పోయాయి. లైను పెట్టెపై బరువు తెలిపే అంకె మార్చి అమ్మిన మనిషి ఆ అంకెను నా కళ్ల ముందే గోటితో గీకి పారేసి, "చదువుకుని కొనాలి కదా" అన్నాడు. రేపు ఉదయం అతను మళ్లీ దుకాణం తెరుస్తాడు, మీలో ఎవరో ఒకరు వెళతారు. పేరు రాయను. హైదరాబాదులో ఫ్లై ఫిషింగ్ (కొక్కేనికి ఈకలు, వెంట్రుకలు కట్టి చేసిన ఫ్లై అనే తేలికపాటి నకిలీ ఎరను విసిరి చేప పట్టడం) సామాను చేత్తో పట్టుకుని చూసి కొందామని తిరిగినవారు ఆ బల్ల ముందు ఒక్కసారైనా నిలబడి ఉంటారు.

వచ్చే మే నెలలో పిల్లల సెలవులకు డాలస్ వెళుతున్నాం. మా బావమరిది అక్కడే ఉంటాడు. రెండేళ్ల కిందట అతనే నన్ను లేక్ ఫోర్క్‌కు తీసుకెళ్లి చేతికి ఫ్లై రాడ్డు ఇచ్చాడు. డాలస్‌కు తూర్పున ఉన్న ఆ జలాశయంలో, మునిగిపోయిన చెట్ల మోళ్లు ఇప్పటికీ నీళ్లలోంచి పైకి లేచి నిలబడి ఉంటాయి. వాటి నీడన లార్జ్‌మౌత్ బాస్ అనే చేప కాచుకుని ఉంటుంది, మన కొర్రమీను గడ్డి మాటున పొంచి ఉన్నట్లే. టెక్సాస్ రికార్డు బాస్ 1992లో దొరికింది ఆ నీళ్లలోనే, 8 కిలోలకు పైగా తూగింది. నాకు దొరికినది కిలో కూడా ఉండదు. అయినా, పాపరు (నీటిపై తేలే లావు తల ఫ్లై) నీటి మీద పడి, దాని చుట్టూ అలలు సద్దుమణిగి, నేను లైనును ఒక్కసారి కుదిపేసరికి నీరు పగిలినట్లు అది పైకి లేచిన తీరు ఈ రెండేళ్లలో మరచిపోలేదు. ఈసారి సొంత సామానుతో వెళ్లాలని, పన్నెండేళ్ల మా అబ్బాయికీ నేర్పాలని అనుకున్నాను.

మా బావమరిది ఫోనులో చెప్పిన జాబితా చిన్నదే. 9 అడుగుల 8 నంబరు రాడ్డు. దానికి తగిన 8 నంబరు తేలే లైను, ముందు భాగం బరువుగా ఉన్నది. లైను కొసకూ ఫ్లైకీ మధ్య కట్టే దారం, అంటే లీడరు, ఏడున్నర అడుగులది, దిట్టమైనది. 2 నుంచి 1/0 సైజు కొక్కేలకు కట్టిన పాపర్లు, జింక వెంట్రుకల ఫ్లైలు, లోతుకు దిగే ఊలీ బగ్గర్లు, క్లౌజర్ మిన్నోలు అనే ఫ్లైలు కొన్ని కొన్ని. "రీలుకు ఎక్కువ పెట్టవద్దు బావా, బాస్ దూరం పరుగెత్తే చేప కాదు. డబ్బంతా లైను మీద పెట్టండి" అన్నాడు. అలాగే పెట్టాను.

ఆ మాట ఎందుకు అన్నాడో, మామూలు గాలానికి అలవాటైనవారికి చెప్పాలి. గాలంలో ఎరకో, సీసపు గుండుకో ఉన్న బరువు దారాన్ని లాక్కుని పోతుంది. ఫ్లైకి లెక్కలోకి వచ్చే బరువు ఉండదు కనుక లైనే దాన్ని మోసుకుపోవాలి. లైను బరువుకే రాడ్డు వంగుతుంది, వంగితేనే విసురు వస్తుంది. అందుకే లైనుకు నంబరు పెడతారు, మొదటి 30 అడుగుల బరువును బట్టి. 8 నంబరైతే ఆ 30 అడుగులు 210 గ్రెయిన్లు, అంటే సుమారు 13.6 గ్రాములు తూగాలి. 5 నంబరుకు 140 గ్రెయిన్లు, 9 గ్రాముల చిల్లర. 5 నంబరు ట్రౌట్ చేపల కోసం, చిటికెన వేలి గోరంత ఫ్లైల కోసం. గాలికి అడ్డుపడే బొద్దు పాపరును అది మోయలేదు.

ఇదంతా నాకు తెలుసు. తెలిసే మోసపోయాను, అదే నన్ను తినేస్తోంది. పెట్టెపై 8 అని పెద్ద అంకె కనిపించింది, చాలనుకున్నాను. రాడ్డు, రీలు కలిపి 7,500. లైను 3,400. పది ఫ్లైలు 1,600. లీడర్లు రెండు 600. "బిల్లు కావాలంటే పన్ను కలుస్తుంది సార్" అన్నాడు. వద్దన్నాను. ఆ కాస్త డబ్బు మిగుల్చుకోవాలన్న ఆశ నాది, ఆ తప్పు కూడా నాదే. తెల్ల కాగితం ముక్కపై "చేపల సామాను 13,100" అని రాసిచ్చాడు. ఫోనులోనే డబ్బు పంపాను.

అప్పుడే కాలేజీ సంచి భుజాన వేసుకున్న ఒక కుర్రవాడు పక్కన నిలబడి ఉన్నాడు. కొర్రమీనుకు ఫ్లై వేయాలని ఉందట, ఏ లైను కొనాలో తెలియడం లేదట. నన్నే అడిగాడు. నేను నా చేతిలోని పెట్టె చూపించి, "8 నంబరు తీసుకో బాబూ, గడ్డిలోంచి చేపను లాగడానికి అదే సరిపోతుంది" అన్నాను. అతను అదే తీసుకున్నాడు.

మొన్న ఆదివారం శామీర్‌పేట వైపు ఒక మిత్రుడి తోటలో, నీటి కుంట దగ్గర విసిరి చూశాను. లైను ముందుకు పోదు. వెనక్కి వేసినప్పుడు రాడ్డు వంగనే వంగదు. పాపరు నా కాళ్ల దగ్గరే కుప్పగా పడుతోంది. సాధన లేక నా చెయ్యి మొద్దుబారిందనుకున్నాను. బలం పెంచి విసిరాను. పాపరు అదుపు తప్పి, నా వెనుక నిలబడిన మా అబ్బాయి చెవి పక్కగా దూసుకుపోయింది. కొక్కెం ఒక అంగుళం ఇవతలికి వచ్చి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతోంది. వెంటనే సామాను కట్టేశాను.

నా చిన్ననాటి మిత్రుడు ఒకడు బంగారం పని చేస్తాడు. అతని త్రాసు మీద తూచాం. కొసనున్న సన్నని తోకను వదిలేసి, 30 అడుగులు టేపుతో కొలిచి, అక్కడ దారంతో గుర్తు కట్టి, అంతవరకే చుట్టి పళ్లెంలో పెట్టాం. మిగతా చుట్టను లాగకుండా పక్కనే అదే ఎత్తులో ఉంచాం. 9.2 గ్రాములు. మళ్లీ తూచాం, అంతే. అచ్చంగా 5 నంబరు.

ఇక ఈ రోజు జరిగింది. మా అబ్బాయిని వెంటబెట్టుకుని వెళ్లాను. గొడవకు వెళ్లలేదు, పొరపాటున వేరే పెట్టె వచ్చిందేమో, మార్చి ఇస్తాడనుకున్నాను. తూచిన లెక్క చెప్పాను. "ఏదీ, పెట్టె ఇలా ఇవ్వండి" అన్నాడు. ఇచ్చాను. వెలుతురుకు తిప్పి పట్టుకున్నాడు. చదువుతున్నాడనుకున్నాను. బొటనవేలి గోరు ఆ 8 అంకె అంచు కిందికి పోనిచ్చి, నెమ్మదిగా, తొందరేమీ లేకుండా లేపాడు. అది అతికించిన చీటీ అని నాకు ఆ క్షణాన తెలిసింది. దాన్ని రెండు వేళ్ల మధ్య నలిపి ఉండ చేసి బల్ల వెనక్కి వదిలేశాడు. చీటీ కింద అచ్చులో 5 ఉంది. పెట్టెను నా వైపు తోసి అన్నాడు: "5 అని ఇంత స్పష్టంగా ఉంది. చదువుకుని కొనాలి కదా?"

నాకు మాట రాలేదు. "ఇప్పుడే కదా చీటీ తీశారు" అన్నాను చివరికి.

"ఏ చీటీ? చూపించు."

మొదటి రోజు సార్ అన్న నోరే అది. మా అబ్బాయి వంగి బల్ల కింద వెతకబోయాడు. "ఏయ్, లోపలికి రాకు" అని వాణ్ని గద్దించాడు. ఇద్దరు కొనుగోలుదారులు చూస్తూనే ఉన్నారు, ఒక్కరూ నోరు మెదపలేదు. ఆ తర్వాత అందరికీ వినిపించేలా అన్నాడు: "హైదరాబాదులో నీకు బాస్ ఎక్కడిదయ్యా? వానపాము గుచ్చుకుని చెరువు గట్టున కూర్చునేవాడికి 8 అయితేనేం, 5 అయితేనేం?"

వానపాముతో గట్టున కూర్చునేవారిలో మా నాన్న ఒకరు. గంటల తరబడి కదలకుండా కూర్చుని, ఇంటిల్లిపాదికీ సరిపడా చేపలు తెచ్చిన మనిషి. ఆయనకు సామాను అమ్మినవారెవరూ కొక్కెం సైజు విషయంలో అబద్ధం చెప్పలేదు. ఆ మాట అక్కడే అని ఉండవలసింది. అనలేకపోయాను. బయటికి వచ్చాక మా అబ్బాయి, "నాన్నా, ముందే ఫొటో తీసి ఉంటే బాగుండేది కదా" అన్నాడు. నలభై ఎనిమిదేళ్ల నాకు తట్టనిది వాడికి తట్టింది.

ఇంటికి వచ్చాక మిగతా సామానూ పరీక్షించాను. జింక వెంట్రుకలవని అమ్మిన మూడు ఫ్లైలను బకెట్టు నీళ్లలో వేస్తే పది నిమిషాలకు అడుగుకు చేరాయి. జింక వెంట్రుక లోపల గాలి గదులుంటాయి, బిగించి కట్టి కత్తిరిస్తే అది నీటిపై తేలుతుంది. ఇవి రంగు వేసిన వేరే ఏదో బొచ్చు. పాపర్ల తలలు ఎంత లావుగా ఉన్నాయంటే, కొక్కెం మొనకూ తలకూ మధ్య చేప పెదవి పట్టేంత సందు లేదు. ఒక కొక్కేన్ని పటకారుతో పట్టి లాగితే తీగలా సాగిపోయింది. గడ్డికీ మోళ్లకూ తగులుకోకుండా కొక్కెం ముందు కట్టే సన్నని తీగ పదింటిలో ఒక్కదానికీ లేదు. అది లేకుండా లేక్ ఫోర్క్ మోళ్ల మధ్య వేస్తే పూటకు పది ఫ్లైలూ పోతాయి. లీడర్లు 5ఎక్స్. ఎక్స్ ముందున్న అంకె పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. బాస్‌కు 0ఎక్స్, 1ఎక్స్ దగ్గర ఉండాలి. ఇవీ ట్రౌట్‌వే. అంటే అమ్ముడుపోని ట్రౌట్ సామానంతా నాకు అంటగట్టాడు.

జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేయబోతున్నాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కొనుగోళ్లపై ఫిర్యాదుకు రుసుము లేదు. సరైన బిల్లు లేకపోయినా డబ్బు పంపిన ఆధారం ఫోనులో ఉంది, తూచినప్పుడు చూసిన మిత్రుడూ ఉన్నాడు. మీరు కొనేటప్పుడు బిల్లు అడగండి, పెట్టెను నాలుగు వైపులా ఫొటో తీయండి, అంకెపై వేలు పెట్టి తడిమి చూడండి. లైను తూచి చూపించమనండి. కుదరదంటే కొనకండి.

ఆ రోజు నా మాట విని లైను కొన్న కుర్రవాడా, ఇది నీ కంటపడితే బాగుండునని రాస్తున్నాను. నీ పెట్టెపై ఉన్న 8 అంకె అంచును వెలుతురులో చూడు. చీటీ అయితే తీయకు, ముందు ఫొటో తీయి. ఆ తర్వాత ఇక్కడే నాకు రాయి. ఫిర్యాదుకు ఇద్దరం కలిసి వెళదాం, నీ దారి ఖర్చు నాది.