మెంటార్ సారా, సీనియర్ అన్నా: ఎవరిని అడిగితే మేలు?

విజయనగరం చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీలో చేరిన పిల్లలకి మొదటి నెలలోనే ఇద్దరు సలహాదారులు దొరుకుతారు. ఒకరిని కాలేజీయే ఇస్తుంది. ఇరవై మందికో పాతిక మందికో ఒక లెక్చరర్‌ని మెంటార్‌గా వేసి, నోటీసు బోర్డులో పేర్లు అంటిస్తారు. ఇంకొకరిని హాస్టలో, కాలేజీ బస్సో, పలాస పాసింజరో ఇస్తుంది. ఆయన సీనియర్. అటెండెన్స్ తగ్గినా, సబ్జెక్టు పోయినా, ఓపెన్ ఎలెక్టివ్ (వేరే బ్రాంచ్ నుంచి మనం ఎంచుకునే సబ్జెక్టు) ఏది పెట్టుకోవాలో తెలియకపోయినా ఎక్కువమంది ముందు వెళ్లేది సీనియర్ దగ్గరికే. నేను ఒక కాలేజీలో మెంటార్‌గా పనిచేస్తున్నవాణ్ణి. నా మాట కొంచెం మావైపే మొగ్గుతుందని అనుకునే చదవండి.

ముందు అటెండెన్స్ సంగతి. ఇక్కడే ఎక్కువమంది మునుగుతారు. సీనియర్ చెప్పేది ఇలా ఉంటుంది: "అరవై ఐదు దాటితే చాల్రా, కాండొనేషన్ ఫీజు కట్టేస్తే అయిపోద్ది." ఇందులో అబద్ధం లేదు. సెమిస్టర్ మొత్తం మీద 75 శాతం హాజరు ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉన్నవాళ్లు సరైన కారణం చూపిస్తే, ఫీజు కట్టించుకుని పరీక్ష రాయనిస్తారు. 65 కంటే తగ్గితే డిటెన్షన్, అంటే పరీక్ష రాయనివ్వకుండా ఆ సెమిస్టర్‌లోనే ఆపేస్తారు. అయితే ఆ మధ్యలో ఉన్నవాళ్లని రాయనివ్వాలా వద్దా అన్నది కాలేజీ కమిటీ చేతిలో ఉంటుంది. అన్న ఏడాది కమిటీ ఒప్పుకుందని తమ్ముడి ఏడాదీ ఒప్పుకుంటుందని రాసిపెట్టి లేదు.

సీనియర్ చెప్పకుండా వదిలేసేది ఇంకోటి ఉంది. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి కూడా 75 శాతం హాజరు కావాలి. మన జిల్లాల్లో ఆ డబ్బు మీదే చదువుతున్న పిల్లలు ప్రతి సెక్షన్‌లోనూ ఉంటారు. కాండొనేషన్ కట్టి పరీక్ష రాసేసి గట్టెక్కాననుకున్నవాడికి, ఆ తర్వాత స్కాలర్‌షిప్ దగ్గర బండి ఆగుతుంది. సలహా ఇచ్చిన సీనియర్ కన్వీనర్ కోటాలో (ప్రభుత్వ కౌన్సెలింగ్ సీటులో) రాలేదేమో, రీయింబర్స్‌మెంట్ గోలే అతనికి లేదేమో! తన అనుభవంలో లేనిది ఎవరైనా ఎలా చెప్తారు?

లెక్క పెద్ద కష్టం కాదు. సెమిస్టర్‌లో 400 పీరియడ్లు జరిగాయనుకుందాం. 100 వరకే పోగొట్టుకోవచ్చు. రోజుకి ఏడు చొప్పున అవి పద్నాలుగు రోజులు. దసరా తర్వాత మంగళవారం పైడితల్లి సిరిమాను వస్తుంది, ఆ వారం మా క్లాసులో సగం బెంచీలు ఖాళీయే. పండక్కి వెళ్లొద్దని నేను ఎవరికీ చెప్పను. ఎన్ని రోజులు మిగిలాయో చూసుకుని వెళ్లమంటాను, అంతే.

రెండో గొడవ రెగ్యులేషన్‌ది, అంటే చేరిన ఏడాదిని బట్టి యూనివర్సిటీ పెట్టే రూల్స్ పుస్తకానిది. 2020లో చేరినవాళ్లకి ఆర్20 వచ్చింది, 2023లో చేరినవాళ్లకి ఆర్23. సిలబస్, క్రెడిట్లు (సబ్జెక్టు పాసైతే వచ్చే పాయింట్లు), కింది ఏడాది నుంచి పై ఏడాదికి వెళ్లడానికి ఎన్ని క్రెడిట్లు కావాలన్నది, అన్నీ మీ రెగ్యులేషన్ పుస్తకం ప్రకారమే. పాసైపోయిన అన్నయ్య పాత పుస్తకంలోది చెప్తే అది మీకు వర్తించకపోవచ్చు. పైగా ఇక్కడ యూనివర్సిటీయే మారింది. ఒకప్పుడు ఈ కాలేజీలన్నీ కాకినాడ జేఎన్‌టీయూ కింద ఉండేవి. 2022లో జేఎన్‌టీయూ గురజాడ విజయనగరం వచ్చింది. చింతలవలసలో ఎంవీజీఆర్ లాంటివి అటానమస్ (సిలబస్, పరీక్షలు సొంతంగా చూసుకునేవి), వాటి రూల్స్ వాటివే. ఎచ్చెర్లలోని ట్రిపుల్ఐటీ ఆర్జీయూకేటీ అనే ఇంకో యూనివర్సిటీ కింద నడుస్తుంది, అక్కడి పద్ధతి పూర్తిగా వేరు. ఇప్పుడు ఆమదాలవలసలో రైలెక్కిన నలుగురు కుర్రాళ్లని ఊహించుకోండి. నాలుగు కాలేజీలు, మూడు రకాల రూల్స్, ఒకే పెట్టె. చీపురుపల్లి వచ్చేసరికి ఒకడి రూలు ఇంకొకడి నెత్తిన ఎక్కేస్తుంది. "ఏటి సార్, మా ఫ్రెండ్‌కి అలా లేదే" అని నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఫ్రెండ్‌ది వేరే కాలేజీ.

కాబట్టి రూల్‌తో ముడిపడిన ఏ ప్రశ్నకైనా మెంటారే మేలు. ఆయనకి తెలియకపోయినా ఎగ్జామ్ సెక్షన్‌కి ఫోన్ చేసి కనుక్కునే అవకాశం ఉంటుంది, కావలసిన సంతకమూ ఆయనదో హెచ్‌ఓడీదో.

సీనియర్ పైచేయి ఎక్కడంటే, పుస్తకంలో రాయని విషయాల్లో. ఏ ఎలెక్టివ్‌ని ఎవరు బాగా చెప్తారు, ల్యాబ్ ఎక్స్‌టర్నల్‌లో (బయటి ఎగ్జామినర్ వచ్చే పరీక్షలో) ఏం అడుగుతారు, ఫలానా కంపెనీ రెండో రౌండ్‌లో కోడింగ్ ఎలా ఇచ్చింది, హైదరాబాద్ అమీర్‌పేటలో కోచింగ్ కోర్సుకి డబ్బు పోయడం దండగా కాదా. ఇవి నన్ను అడిగితే నేను చెప్పేది పాత కబురే. మాలో చాలామంది ఎంటెక్ చేసి నేరుగా క్లాసుకి వచ్చేశాం, కంపెనీ గుమ్మం తొక్కలేదు. పక్క లెక్చరర్ సరిగ్గా చెప్పడని నా నోటితో ఎలాగూ అనలేను. సీనియర్‌కి ఆ మొహమాటం లేదు, రాత్రి పదకొండింటికి కూడా ఫోన్ ఎత్తుతాడు.

కాకపోతే సలహా ఇచ్చే సీనియర్ ఎవరో కూడా చూడాలి. ఉద్యోగం వచ్చినవాడే వాట్సాప్ గ్రూపులో మాట్లాడతాడు. అదే పని చేసి డిటైన్ అయినవాడు గ్రూపులోంచి ఎప్పుడో వెళ్లిపోయాడు, అతని మాట మీకు వినపడదు. ఇంకో సంగతి, సీనియర్లు అందరికీ దొరకరు. హాస్టల్ కుర్రాడికి దొరికినంత సులువుగా, నాలుగున్నర బస్సుకే నెల్లిమర్ల, గజపతినగరం వెళ్లిపోయే అమ్మాయికి దొరకరు.

మెంటార్ల లోపం కూడా చెప్పాలి. కాలేజీల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే న్యాక్, ఎన్‌బీఏ వాళ్లు మెంటార్ విధానం ఎలా నడుస్తుందో అడుగుతారు, కాబట్టి ప్రతి కాలేజీలోనూ కౌన్సెలింగ్ రిజిస్టర్ ఉంటుంది. తనిఖీ దగ్గరపడ్డప్పుడు ఒక్కరోజులో సంతకాలన్నీ నింపేసే చోట్లూ ఉన్నాయి. పిల్లలు అది చూశాక మా దగ్గరికి ఎందుకొస్తారు? అసలు భయం వేరే. ఆ రిజిస్టర్‌లో తండ్రి ఫోన్ నంబర్ ఉంటుంది. శ్రీకాకుళం వైపు చాలా ఇళ్లలో తండ్రి చెన్నైలోనో హైదరాబాద్‌లోనో పనిలో ఉంటాడు. రెండు సబ్జెక్టులు పోయాయని చెప్తే సార్ వెంటనే ఫోన్ చేసేస్తారు, అక్కడాయన పని వదిలి రైలెక్కేస్తాడు అని పిల్లల టెన్షన్. అది ఉత్త భయం కాదు. అందుకే "ఇంట్లో చెప్పే ముందు నన్ను అడగండి సార్" అని నేరుగా అనెయ్యండి. డిటెన్షన్ దాకా వస్తే చెప్పక తప్పదు. మామూలు సప్లీకి (పోయిన సబ్జెక్టు మళ్లీ రాయడానికి) అయితే చాలామంది మెంటార్లు ఆగుతారు.

హానర్స్, మైనర్ విషయంలో ఇద్దరినీ అడగాలి. బీటెక్‌కి సుమారు 160 క్రెడిట్లు. దాని మీద ఇంకో 18 నుంచి 20 చేస్తే సొంత బ్రాంచ్‌లో హానర్స్, వేరే బ్రాంచ్‌లో మైనర్. అర్హత ఉందో లేదో మెంటార్ చెప్తాడు. ఆ బరువు మోస్తూ ప్లేస్‌మెంట్ ట్రైనింగ్‌కి టైమ్ మిగిలిందా అన్నది చేసిన సీనియర్‌కే తెలుసు. నా అభిప్రాయం: మెకానికల్, సివిల్ పిల్లలు సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లాలనుకుంటే కంప్యూటర్స్ మైనర్‌కి అర్థం ఉంది. సీఎస్ఈ వాళ్లు హానర్స్ బదులు ఆ సమయాన్ని ఒక మంచి ప్రాజెక్టు మీద పెడితే ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి ఏదైనా ఉంటుంది. పై చదువులకి వెళ్లేవాళ్ల లెక్క వేరు. ‘స్వయం’ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికలో ఎన్‌పీటెల్ కోర్సులతో ఈ క్రెడిట్లు తెచ్చుకోవాలనుకుంటే, అసైన్‌మెంట్లకి ఉండేది 25 మార్కులే, మిగతా 75 సెంటర్‌కి వెళ్లి రాసే పరీక్షకి. ఆన్‌లైనే కదా అని తేలిగ్గా తీసుకోకండి.

ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్‌కి మాత్రం మెంటారే. మూడో ఏడాదిలోనే రాయొచ్చనీ, స్కోరు మూడేళ్లు చెల్లుతుందనీ చాలామంది సీనియర్లకే తెలియదు. యూట్యూబ్, చాట్‌జీపీటీ సబ్జెక్టు చదువుకోవడానికి పనికొస్తాయి. మీ కాలేజీ, మీ రెగ్యులేషన్, మీ హాజరు వాటికి తెలియవు కాబట్టి ఈ పోటీలోకి వాటిని తేలేదు.

మెంటార్ దగ్గరికి వెళ్లేటప్పుడు మార్కుల మెమోలు, హాజరు శాతం చేతిలో పట్టుకెళ్లండి. సెమిస్టర్ మొదలైన రెండు వారాల్లో వెళ్తే తీరిగ్గా దొరుకుతారు. మిడ్ పరీక్షల ముందు వెళ్తే పేపర్లు సెట్ చేసుకుంటూ తల ఊపడమే. మీకు వేసిన మెంటార్ అస్సలు పట్టించుకోకపోతే, మీకు బాగా అర్థమయ్యేలా చెప్పే ఇంకో సార్‌నో మేడమ్‌నో అడగండి. రిజిస్టర్‌లో సంతకం ఎవరు పెట్టినా, సలహా ఆయన దగ్గరే తీసుకోవాలని ఏ రెగ్యులేషన్‌లోనూ లేదు.