మొదటి రెగ్యులేటర్‌కు నాబ్ అవసరమా?

నీటి అడుగున సిలిండర్‌లోని గాలిని పీల్చుకునే పీడనానికి తగ్గించి నోటికి అందించే పరికరం రెగ్యులేటర్. మొదటిసారి దానిని సొంతంగా కొనుక్కోబోయే డైవర్ దృష్టి చాలావరకు సెకండ్ స్టేజ్ (నోట్లో పెట్టుకునే భాగం) పక్కనుండే చిన్న నాబ్ మీదే పడుతుంది. గాలి ఎంత తేలికగా అందాలో మనమే నిర్ణయించుకోవచ్చు అనే మాట వినడానికి బాగానే ఉంటుంది. నేను ఎంచుకున్నది కూడా అటువంటి సెట్టే: సిలిండర్‌కు బిగించే బ్యాలెన్స్‌డ్ డయాఫ్రమ్ ఫస్ట్ స్టేజ్ (సిలిండర్ ఖాళీ అవుతున్నా ఒకే తీరున గాలి ఇచ్చే, సాగే పొరతో పనిచేసే రకం), నాబ్ ఉన్న సెకండ్ స్టేజ్, నాబ్ లేని పసుపు రంగు ఆక్టోపస్ (అవసరమైతే తోటి డైవర్‌కు ఇచ్చే అదనపు సెకండ్ స్టేజ్). మధ్యస్థాయి సెట్లు చాలా కంపెనీల్లో ఇదే అమరికతో వస్తాయి కనుక మోడల్ పేరు పక్కన పెట్టి ఈ అమరిక గురించే రాస్తున్నాను. కొన్నేళ్ల వాడకం తర్వాత ఫస్ట్ స్టేజ్ మీద నాకు గౌరవం పెరిగింది, నాబ్ మీద మాత్రం చిరాకే మిగిలింది.

నాబ్ చేసే పని చాలా చిన్నది. దానిని తిప్పితే సెకండ్ స్టేజ్ వాల్వును మూసి ఉంచే స్ప్రింగు బిగుసుకుంటుంది లేదా వదులవుతుంది. అంటే వాల్వు తెరుచుకునే ఆ తొలి క్షణంలో పీల్చవలసిన బలం మాత్రమే మారుతుంది. ఒడ్డున నిలబడి పీల్చి చూసినప్పుడు ఈ తేడా స్పష్టంగానే తెలుస్తుంది, కొత్తలో నాకూ అది గొప్పగానే అనిపించింది. అయితే 30 మీటర్ల లోతున చుట్టూ ఉన్న పీడనం 4 బార్, అక్కడ పీల్చే గాలి ఉపరితలంలో కంటే నాలుగు రెట్లు చిక్కన. ఆ చిక్కని గాలి అడ్డు లేకుండా రావడం రెండు స్టేజ్‌ల నిర్మాణం మీద ఆధారపడే విషయం, నాబ్ వల్ల అక్కడ ఒరిగేది స్వల్పం. ఎదురు ప్రవాహం పర్జ్ కవరును (నొక్కితే గాలి వదిలే ముందు మూతను) నొక్కుతూ గాలిని వృథాగా వదిలించే సందర్భాల్లో నాబ్ పనికొస్తుందన్నది నిజమే. నీళ్లలోకి దూకేటప్పుడు వచ్చే ఫ్రీ ఫ్లోను (గాలి ఆగకుండా కారిపోవడాన్ని) ఆపడానికి మాత్రం వెంచురి లివరే (లోపలి గాలి ప్రవాహపు దిశను మార్చే మీటే) చాలు.

ఇక అసలు సంగతి. ఒక డైవ్‌కు ముందు పడవ మీద సిలిండర్ వాల్వు తెరిచి, అంతా సరిచూసుకుని పక్కన పెట్టిన కొద్ది నిమిషాలకు మౌత్‌పీస్ నుంచి సన్నగా "స్స్" అన్న శబ్దం మొదలైంది. ఒకసారి పీల్చి వదిలితే ఆగిపోయింది, కాసేపటికి మళ్లీ వచ్చింది. చూసిన డైవ్ గైడ్ నాబ్‌ను కొంచెం బిగించమన్నాడు. బిగించగానే శబ్దం పూర్తిగా ఆగింది, అందరూ నాబ్ ఉండటం ఎంత మంచిదో అనుకున్నారు. అయితే మరికొద్ది సేపటికి అదే శబ్దం ఆక్టోపస్ నుంచి రావడం మొదలైంది. ఇంతవరకు ఏ ఇబ్బందీ పెట్టని ఆక్టోపస్, ఎవరూ ముట్టుకోకుండానే కారుతోందంటే లోపం సెకండ్ స్టేజ్‌లలో లేదని, వాటి వెనక నుంచి వస్తోందని అర్థం.

పడవలోనే ఉన్న మరో డైవర్ దగ్గర ఇంటర్మీడియట్ ప్రెషర్ గేజ్ (రెండు స్టేజ్‌ల మధ్య పీడనాన్ని కొలిచేది) దొరికింది. దానిని బీసీడీకి (నీళ్లలో తేలుడును అదుపు చేసే జాకెట్‌కు) గాలి నింపే ఇన్‌ఫ్లేటర్ హోస్‌కు తగిలించి చూడవచ్చు, పనిముట్లేవీ అక్కరలేదు. ఫస్ట్ స్టేజ్ సిలిండర్‌లోని 200 బార్‌ను, చుట్టూ ఉన్న పీడనం కంటే సుమారు 9 నుంచి 10 బార్ మాత్రమే ఎక్కువ ఉండేలా తగ్గించి హోస్‌లలోకి పంపాలి. ఒకసారి పర్జ్ నొక్కి వదిలాక ముల్లు ఆ అంకె దగ్గర స్థిరంగా నిలబడాలి. నా ముల్లు 9.6 దగ్గర మొదలై, చూస్తూ ఉండగానే నెమ్మదిగా పైకి పాకుతూ 12 దాటింది. పీడనం అలా పెరిగినప్పుడు సెకండ్ స్టేజ్ వాల్వు కొద్దిగా తెరుచుకుని మిగులు గాలిని బయటికి వదిలేస్తుంది. అది దాని లోపం కాదు, హోస్ పగలకుండా కాపాడే ఏర్పాటు. నాబ్ బిగించి మేము చేసినదల్లా ఆ హెచ్చరికను ఆలస్యం చేయడమే. ఆక్టోపస్‌కు కూడా నాబ్ ఉండి ఉంటే దానినీ బిగించి నీళ్లలోకి దిగేవాళ్లమేమో. ఆ రోజు అద్దె రెగ్యులేటర్‌తో డైవ్ చేశాను.

వర్క్‌షాప్‌లో టెక్నీషియన్ ఫస్ట్ స్టేజ్ విప్పి హై ప్రెషర్ సీటును (వాల్వు మూసుకున్నప్పుడు గాలిని ఆపే మెత్తని భాగాన్ని) భూతద్దం కింద చూపించాడు. సీటు మీద వలయాకారపు ముద్ర పడటం మామూలే, దాని ఎదుట ఉండే లోహపు అంచు నిరంతరం అక్కడే ఆనుతూ ఉంటుంది కాబట్టి. నా సీటు మీద ఆ వలయాన్ని అడ్డంగా కోస్తూ వెంట్రుకంత సన్నని గాటు ఒకటి ఉంది. గాలి పాకింది ఆ దారినే. సీటు, ఓ-రింగులు మార్చి, పీడనాన్ని మళ్లీ సరిదిద్దితే రెగ్యులేటర్ మొదటిలాగే పని చేసింది. మరమ్మతు సులువే గానీ సర్వీస్ కిట్ రావడానికి పట్టిన కాలమే విసుగు తెప్పించింది. కనుక శ్వాస తేలికదనం గురించి దుకాణంలో ఎంత విన్నా, మీకు అందుబాటులో ఉన్న టెక్నీషియన్ ఏ కంపెనీ కిట్లను ఎప్పుడూ దగ్గర ఉంచుకుంటాడో ముందు కనుక్కోవడం మేలు. మరో చిన్న విషయం కూడా ఆయనే చెప్పాడు: రెగ్యులేటర్‌ను ఇంట్లో భద్రపరిచేటప్పుడు నాబ్‌ను పూర్తిగా వదులు చేసి ఉంచాలట, లేకపోతే స్ప్రింగు ఒత్తిడికి సెకండ్ స్టేజ్ సీటు మీద కూడా గాడి త్వరగా పడుతుంది.

ఫస్ట్ స్టేజ్ విషయంలో నా మెచ్చుకోలు ఇంకా తగ్గలేదు. సిలిండర్‌లో 50 బార్ మిగిలినప్పుడు కూడా పీల్చడంలో తేడా తెలియకపోవడం బ్యాలెన్స్‌డ్ నిర్మాణపు పుణ్యమే. డయాఫ్రమ్ రకంలో నీళ్లు లోపలి కదిలే భాగాలను తాకవు కనుక ఉప్పు, ఇసుక బెడద తక్కువ. సెకండ్ స్టేజ్ నుంచైతే ఏ భంగిమలోనైనా నోట్లోకి చుక్క నీరు రాదని కొత్తలో అందరికీ చెప్పేవాడిని. తలకిందులుగా రాతి కిందికి తొంగి చూసేటప్పుడు కొద్దిగా తడి వస్తుందని ఇప్పుడు చేర్చవలసి ఉంది.

నేను వెచ్చని సముద్రంలో, ఎక్కువగా 20 మీటర్ల లోపు, అద్దె సిలిండర్లతో డైవ్ చేసేవాడిని. చన్నీళ్లలో దిగేవారికి లెక్క వేరు: యూరప్ ప్రమాణమైన ఈఎన్ 250 ప్రకారం, చన్నీటి పరీక్షకు నిలవని రెగ్యులేటర్ మీద 10 డిగ్రీల కంటే వెచ్చని నీటికే అన్న గుర్తు ఉంటుంది, వారు నాబ్ కంటే ముందు ఆ గుర్తును చూడాలి. గట్టి ప్రవాహాల్లో తరచుగా ఈదేవారికి నాబ్ నిజంగానే అవసరం కావచ్చు. నా వంటి డైవర్‌కు బ్యాలెన్స్‌డ్ ఫస్ట్ స్టేజ్, నాబ్ లేని సాదా సెకండ్ స్టేజ్ సరిపోతాయనే నా అభిప్రాయం. పైగా మిగిలే సొమ్ముతో ఒక ప్రెషర్ గేజ్ కూడా కొనుక్కోవచ్చు. వచ్చే సర్వీసులో నా ఆక్టోపస్‌నే పొట్టి హోస్‌కు మార్చి ప్రధాన సెకండ్ స్టేజ్‌గా బిగించమని అడగాలనుకుంటున్నాను. పసుపు కవరు మారుతుందా, నాబ్ ఉన్నదానిని ఆక్టోపస్‌గా పెడితే దానిని ఎంత బిగువున ఉంచాలి అన్నవి టెక్నీషియన్‌తో మాట్లాడాకే తేలాలి.