ఒకే సైజు గుళికల రెసిన్: ఏళ్ల తరబడి నడిపాక నా అభిప్రాయం

డీఎం ప్లాంట్‌లో (నీళ్లలో కరిగిన లవణాలను తీసేసే ప్లాంట్) పాతరకం రెసిన్‌నీ (ఆ లవణాల అయాన్లను పట్టుకునే ప్లాస్టిక్ గుళికలు), ఒకే సైజు గుళికలతో వచ్చే కొత్తరకాన్నీ ఏళ్ల తరబడి నడిపాను. కెపాసిటీ (అయాన్లను పట్టుకునే సామర్థ్యం) పెరుగుతుందని కొత్తది కొనాలనుకుంటే మాత్రం ఆగండి. స్ట్రాంగ్ యాసిడ్ కేటయాన్ రెసిన్ (సోడియం లాంటి ధన అయాన్లను పట్టేది) ఏ రకమైనా లీటరుకు దాదాపు 2 ఈక్వివలెంట్ల దగ్గరే ఉంటుంది. పెట్టిన డబ్బు తిరిగొచ్చేది రిన్స్‌లో (రీజనరేషన్‌లో యాసిడ్, కాస్టిక్‌లతో రెసిన్‌ను మళ్లీ పనికి సిద్ధం చేశాక, మిగిలిన రసాయనాన్ని కడగడం), మిక్స్‌డ్ బెడ్‌లో (కేటయాన్, రుణ అయాన్లను పట్టే అనయాన్ రెసిన్లు కలిపి నింపిన ట్యాంకు).

అసలు తేడా తయారీలో ఉంది. పాత పద్ధతిలో స్టైరీన్, డైవినైల్ బెంజీన్ మిశ్రమాన్ని నీళ్లలో వేసి కలియతిప్పుతారు. చుక్కలు ఎలా విడిపోతే అలాగే గట్టిపడతాయి. అందుకే ఒకే సంచిలో 0.3 నుంచి 1.2 మిల్లీమీటర్ల దాకా అన్ని సైజులూ కనిపిస్తాయి. కొత్త పద్ధతిలో ఆ మిశ్రమాన్ని సన్నటి రంధ్రాల గుండా పంపుతూ, కంపనంతో ఒకే కొలత చుక్కలుగా తెంపుతారు. లేదంటే చిన్న గుళికలకు మోనోమర్ పట్టించి కావలసిన సైజుకు పెంచుతారు.

దీని ఫలితం రిన్స్‌లో వెంటనే తెలుస్తుంది. లావు గుళికల మధ్యలోకి దిగిన కాస్టిక్ (సోడియం హైడ్రాక్సైడ్) ఒక పట్టాన బయటికి రాదు. చివర్లో కండక్టివిటీ (నీళ్లలో మిగిలిన అయాన్లను చూపే కొలత) దిగకుండా సతాయించేది అదే. లావువి లేకపోయేసరికి నీళ్లూ సమయమూ మిగిలాయి. సందుల్లో ఇరుక్కునే నలకలు లేవు కాబట్టి ప్రెషర్ డ్రాప్ కూడా తగ్గింది.

నాకు బాగా నచ్చింది మిక్స్‌డ్ బెడ్. బ్యాక్‌వాష్ (కింది నుంచి పైకి నీళ్లు పంపి కడగడం) తర్వాత బరువైన కేటయాన్ కిందికి, తేలికైన అనయాన్ పైకి చేరాలి. పాతరకంలో సన్న కేటయాన్, లావు అనయాన్ ఒకే వేగంతో దిగేవి, మధ్యలో కలగాపులగంగా ఒక పొర మిగిలేది. అందులో చిక్కుకున్న కేటయాన్‌కు కాస్టిక్ తగిలితే సోడియం పడుతుంది, సర్వీసులో అదే నీళ్లలోకి దిగుతుంది. ఇప్పుడు సైట్ గ్లాస్‌లో చూస్తే కింద ముదురు గోధుమ, పైన లేత పసుపు, మధ్యలో స్పష్టమైన గీత. సోడియం లీకేజీ తగ్గడం మీటర్‌లోనూ కనిపించింది.

సైజు ఒక్కటే చూసి మురిసిపోకూడదు. సల్ఫోనేషన్ (కేటయాన్ గుళికకు అయాన్లు పట్టే గుణం తెచ్చే రసాయన చర్య) అడ్డదిడ్డంగా చేస్తే గుళిక లోపలే పగులుతుంది. మైక్రోస్కోప్ కింద వెంట్రుకంత గీతలు తెలుస్తాయి; రీజనరేషన్‌లో ఉబ్బుతూ, కుదించుకుపోతూ అక్కడే రెండు ముక్కలవుతుంది. ఆ ముక్కలు రెసిన్ ట్రాప్‌లో (కొట్టుకొచ్చే రెసిన్‌ను పట్టే జల్లెడ) దొరుకుతాయి. గుళికలను ఉబ్బించడానికి డైక్లోరోఈథేన్ వాడేచోట దాని శేషం రెసిన్‌లో ఉండిపోయే బెడద కూడా ఉంది. ద్రావకం లేకుండా సల్ఫోనేట్ చేసినవాటికి ఆ బాధ లేదు, అందుకే నా ఓటు వాటికే.

వేడి, క్లోరిన్ విషయంలో మాత్రం కొత్తరకం ఒరగబెట్టిందేమీ లేదు. టైప్ 1 అనయాన్‌కు హైడ్రాక్సైడ్ రూపంలో 60 డిగ్రీల సెల్సియస్, టైప్ 2కు 40 దాటితే గుళికలు ఎంత సమానంగా ఉన్నా పని చెడుతుంది. నీళ్లలో క్లోరిన్ మిగిలితే క్రాస్‌లింకులు (గుళికను గట్టిగా పట్టి ఉంచే అడ్డబంధాలు) తెగి కేటయాన్ మెత్తబడుతుంది. క్లోరిన్‌ను తీసేసేందుకు ముందున్న కార్బన్ ఫిల్టర్‌ను అశ్రద్ధ చేయొద్దు.

కొనేటప్పుడు యూనిఫార్మిటీ కోఎఫిషియంట్‌తో (సైజుల్లో తేడా ఎంతో చెప్పే అంకె) పాటు పగలని గుళికల శాతం కూడా రాతపూర్వకంగా అడగండి. మొదటిది 1.1 దగ్గర ఉండాలి. మిక్స్‌డ్ బెడ్‌కైతే కేటయాన్, అనయాన్ జోడీగా సరిపోయేలా తీసుకోండి. పాత బెడ్ మీద కొత్తది టాప్‌అప్ చేస్తే పైన చెప్పిన లాభాలు చాలావరకు పోతాయి. మారిస్తే బెడ్ మొత్తం మార్చండి.