ఒమేగా ఆక్వా టెర్రా (8900 మెషీను): అయస్కాంతం బెడద తీరింది, అరగంట తేడా తీరలేదు

డయల్, పాలిష్ సంగతులు అందరూ రాసేశారు. ఏళ్ల తరబడి వాడాక ఈ వాచీ మీద నా ఇష్టం పెరిగింది ఒక్కదానికే: అయస్కాంతానికి లొంగదు.

మెకానికల్ వాచీ ఉన్నట్టుండి రోజుకు నిమిషాల కొద్దీ ఫాస్ట్ వెళ్తుంటే ముందు అనుమానించాల్సింది అయస్కాంతాన్నే. ఫోన్ స్పీకర్లో, ట్యాబ్ కవర్లో, హ్యాండ్‌బ్యాగ్ బొత్తంలో ఉండేది అదే. అది సోకితే హెయిర్‌స్ప్రింగ్ (వాచీ నడకను నియంత్రించే సన్నటి చుట్ల స్ప్రింగ్) చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి. స్ప్రింగ్ పొడవు తగ్గినట్టయి అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రం వేగం పుంజుకుంటుంది. నా పాత ఆటోమేటిక్‌కి ఈ జబ్బు మాటిమాటికీ వచ్చేది. మామూలు దిక్సూచి దగ్గరికి తెస్తే సూది కదిలేది. విరుగుడు డీమాగ్నెటైజర్, అంటే అయస్కాంతాన్ని వదలగొట్టే పరికరం. వాచీని దాని మీద పెట్టి, బటన్ నొక్కి పట్టుకుని, మెల్లగా రెండడుగుల దూరం లేపాకే బటన్ వదలాలి. దగ్గరుండగా వదిలేస్తే అయస్కాంతం మళ్లీ ఎక్కి కూర్చుంటుంది. హడావుడిగా చేసేవాళ్ల చేతిలో జరిగేది ఇదే.

ఒమేగా 1957లో రైల్‌మాస్టర్‌ అనే మోడల్లో మెషీను చుట్టూ మెత్తటి ఇనుప తొడుగు పెట్టి 1,000 గాస్ (అయస్కాంత బలానికి కొలత) దాకా నెట్టుకొచ్చింది. 2013లో దారే మార్చేసింది. తొడుగు తీసేసి, లోపలి భాగాలనే అయస్కాంతం పట్టని పదార్థాలతో చేసింది. హెయిర్‌స్ప్రింగ్ సిలికాన్. దాంతో 15,000 గాస్ దాటింది! తొడుగు లేదు కాబట్టే వెనక గాజులోంచి మెషీను చూడగలుగుతున్నాం. నా వాచీని ల్యాప్‌టాప్ మీద, స్పీకర్ పక్కన ఎక్కడ పెట్టినా దాని నడక చెదరలేదు.

అయితే రిపేరు మాత్రం వీధి చివరి షాపులో కుదరదు. ఇంగ్లండ్ వాచీల నిపుణుడు జార్జ్ డేనియల్స్ కనిపెట్టిన కో-ఆక్సియల్ ఎస్కేప్‌మెంట్‌ని (బ్యాలెన్స్ చక్రానికి కొద్దికొద్దిగా శక్తి అందించే భాగం) ఒమేగా 1999 నుంచి వాడుతోంది. అందులో నూనె ఎక్కడ వేయాలో, ఎక్కడ వేయకూడదో తెలిసినవాళ్లే చెయ్యి పెట్టాలి. వేగం సరిచేయడానికి మామూలు వాచీల్లోలా జరిపే పుల్ల ఉండదు, బ్యాలెన్స్ అంచు మీది స్క్రూలు తిప్పాలి. దానికి ప్రత్యేకమైన పనిముట్టు కావాలి.

ఇంకొకటి. క్రౌన్ (పక్కనుండే కీ బొత్తం) ఒక మెట్టు లాగితే గంటల ముల్లు ఒక్కటే గంట గంటకీ దూకుతుంది, సెకన్లు ఆగవు. న్యూయార్క్ నుంచి డల్లాస్ వెళ్లేవాళ్లకి ఇది వరం. హైదరాబాద్‌లో విమానం ఎక్కేవాళ్లకి అంత కాదు. మన టైముకీ అమెరికా టైముకీ మధ్య అరగంట ముక్క ఎప్పుడూ ఉంటుంది కాబట్టి నిమిషాలూ మార్చాల్సిందే, సెకన్లు ఆపాల్సిందే. డేట్ మార్చే దారీ ఆ గంటల ముల్లే. 30 రోజుల నెల దాటితే రెండు చుట్లు, 28 రోజుల ఫిబ్రవరి తర్వాత ఆరు. కీ నిండుగా ఉన్నా 60 గంటలకు ఆగిపోతుంది. పక్షం రోజులు లాకర్లో ఉంటే పాతిక చుట్ల దాకా తిప్పుకోవాలి.

నేను రోజూ ఇదే పెట్టుకుంటాను, చుట్టూ ఎలక్ట్రానిక్సే. అందుకే నాకు సరిపోయింది. నాలుగైదు వాచీలు మార్చి మార్చి పెట్టుకునేవాళ్లు 2017 రైల్‌మాస్టర్ చూడండి. అయస్కాంతం రక్షణ అంతే, డేట్ లేదు.