కాలిన గాయాలకు రాసే ట్యూబులు: ఏది కొనాలి, ఏది వద్దు

చేయి కాలగానే అందరూ వెతికేది ట్యూబు కోసమే. కానీ ముందు వెళ్లాల్సింది కుళాయి దగ్గరికి. ఐసు వద్దు. చల్లటి నీళ్లు ధారగా 20 నిమిషాలు పడాలి. వెంటనే కుదరకపోయినా, కాలిన మూడు గంటల లోపు ఎప్పుడు పెట్టినా ఉపయోగమే. వేడి ఇంకా చర్మం లోపలే ఉండగా పైన జిడ్డు పూస్తే అది బయటికి పోవడం కష్టమవుతుంది. టూత్‌పేస్టు, వెన్న వద్దనేదీ ఇందుకే. వాపు మొదలవకముందే ఉంగరాలు, గాజులు తీసేయాలి. ఇదంతా అయ్యాకే కింద చెప్పే ట్యూబులకు పని. అదీ చర్మం ఎర్రబడి మండుతున్నప్పుడు, లేదా ఒకటి రెండు చిన్న బొబ్బలు లేచినప్పుడు మాత్రమే.

అన్నిటికన్నా ఎక్కువ మార్కులు సాదా పెట్రోలియం జెల్లీకే. ఇందులో మందు ఏమీ లేదు. దాని బలమూ అదే. గాయం ఎండి పగిలిపోకుండా తడి నిలుపుతుంది, ఆ తడిలోనే కొత్త చర్మం త్వరగా అల్లుకుంటుంది. రంగు, సువాసన కలపనిది, డబ్బాలో కాక ట్యూబులో వచ్చేది తీసుకోండి. డబ్బాలో అందరూ వేళ్లు పెడతారు, క్రిములూ అలాగే చేరతాయి. గాయాన్ని సబ్బు నీళ్లతో మెల్లగా కడిగి, చుట్టూ అద్ది ఆరబెట్టాలి. బొబ్బ పగిలి పచ్చిగా ఉంటే నేరుగా రుద్దకుండా, అంటుకోని రకం గాజ్ గుడ్డకు (కట్టు కట్టే పలచటి బట్టకు) పలచగా పూసి దాన్ని గాయం మీద పరచండి. రోజుకోసారి, లేదా తడిసినప్పుడు మార్చాలి. గుడ్డ అతుక్కుపోతే లాగకండి, నీళ్లతో నానబెడితే అదే వదులుతుంది. ఒక్క లోపం చెప్పాలి: జెల్లీ ఇంకిన బట్టకు, కట్టుకు నిప్పు తొందరగా అంటుకుంటుంది. అలాంటి కట్టుతో పొయ్యి దగ్గర నిలబడొద్దు.

యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్లు చిన్న గాయాలకు చాలాసార్లు అవసరమే ఉండదు. నియోమైసిన్ ఉన్నవి కొందరికి దురద, ఎర్రటి దద్దుర్లు తెస్తాయి. అది చూసి గాయం చీము పడుతోందనుకుని ఇంకాస్త రాస్తారు, దద్దుర్లు ఇంకా పాకుతాయి.

కాలిందనగానే చాలామంది అడిగే తెల్లటి క్రీము సిల్వర్ సల్ఫాడయజీన్, 1 శాతం. చాలా చోట్ల డాక్టరు చీటీ ఉంటేనే ఇస్తారు, కానీ ఎప్పటిదో మిగిలిన ట్యూబు చాలా ఇళ్లలో ఉంటుంది. చిన్న గాయానికి దీన్ని సిఫారసు చేయలేం. మరుసటి రోజు కట్టు విప్పితే గాయం మీద పాల మీగడలా ఒక పొర కట్టి ఉంటుంది. అది చీము కాదు, క్రీమే గాయపు రసంతో కలిసి అలా తయారవుతుంది. దాని కింద గాయం ఎంత లోతో డాక్టరుకు కూడా అంచనా వేయడం కష్టం. పైగా మానడం ఆలస్యమవుతుంది. సల్ఫా మందులు పడనివాళ్లు, రెండు నెలల లోపు పసిపిల్లలు, నెలలు నిండుతున్న గర్భిణులు దీన్ని వాడకూడదు. జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉండటం) ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా ముట్టుకోవద్దు.

బొబ్బ లేవని ఎర్రదనానికి కలబంద జెల్ హాయినిస్తుంది. సీసా వెనక పదార్థాల జాబితా చదవండి. పైవరసలో ఆల్కహాలు ఉంటే ఉపశమనం మాట అటుంచి చురుక్కుమంటుంది. తిమ్మిరెక్కించే లిడోకెయిన్, బెంజోకెయిన్ రకాలు పచ్చి గాయం మీద రక్తంలోకి ఎక్కువగా దిగుతాయి. బెంజోకెయిన్ రక్తం ఆక్సిజన్ మోసే శక్తిని దెబ్బతీయగలదు, రెండేళ్ల లోపు పిల్లలకు అసలు వద్దు. నొప్పికి సరైన మోతాదులో పారాసెటమాల్ మేలు. స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిపిన క్రీములైతే కాలిన చోటికి పనికిరావు. ఇంట్లో ఉంది కదా అని రాసేయొద్దు.

బొబ్బను సూదితో పొడవకండి, ఆ చర్మమే మంచి కట్టు.

ముఖం, చేతులు, పాదాలు, కీళ్లు, జననాంగాల దగ్గర బొబ్బలు లేచినా, గాయం 7–8 సెంటీమీటర్లు దాటినా, చర్మం తెల్లగానో నల్లగానో మారి నొప్పి తెలియకపోయినా ఏ ట్యూబూ రాయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. కరెంటు వల్ల, రసాయనాల వల్ల కాలినా, కాలింది పసిబిడ్డకైనా అంతే. దారిలో కప్పడానికి వంటింట్లో వాడే శుభ్రమైన పలచటి ప్లాస్టిక్ ఫిల్మ్ చాలు. చుట్టూ బిగించకుండా పైన పరచండి. ఇంట్లోనే చూసుకుంటున్న గాయం చుట్టూ ఎరుపు పాకుతున్నా, వాసన వచ్చినా, జ్వరం వచ్చినా ట్యూబు మార్చి చూడటం కాదు, డాక్టరుకు చూపించాలి. చివరి టెటనస్ టీకా ఎప్పుడు వేయించుకున్నారో కూడా అక్కడ చెప్పండి.