టీకప్, టాయ్, మినీ: కుక్కపిల్ల ధరలో పేరుకు ఎంత, పిల్లకు ఎంత

హైదరాబాద్ పెట్ షాపుల్లో, ఇన్‌స్టాగ్రామ్ పేజీల్లో చిన్నజాతి పిల్లలకు తగిలించే సైజు పేర్లలో చాలావరకు ఏ కొలతకూ కట్టుబడవు. 'టీకప్', 'మైక్రో', 'పాకెట్' అనే రకాలను మన దేశంలో కుక్కల వంశాన్ని నమోదు చేసే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా (కేసీఐ) గుర్తించలేదు, బయటి దేశాల పెద్ద కెన్నెల్ క్లబ్బులూ గుర్తించలేదు. 'టాయ్ పామ్' అంటే మామూలు పామేరియనే. అంతర్జాతీయ కెన్నెల్ సమాఖ్య ఎఫ్‌సీఐ ప్రమాణంలో దాని ఎత్తు 18 నుంచి 24 సెంటీమీటర్లు, అంతకన్నా చిన్న రకం వేరే లేదు. షిట్జులో 'టాయ్' అసలే లేదు. ఆ జాతికి ఆదర్శ బరువు 4.5 నుంచి 7.5 కిలోలు. సైజు పేరుకు నిజమైన అర్థం ఉన్నది పూడిల్‌లో: టాయ్ 24 నుంచి 28 సెంటీమీటర్లు, మినియేచర్ 35 వరకు. అందుకే అక్కడ మోసానికీ వీలుంది. 33 సెంటీమీటర్ల తల్లికి పుట్టిన పిల్లలను టాయ్ ధరకు అమ్మేస్తారు, ఎందుకంటే రెండు నెలల వయసులో తేడా కంటికి తెలియదు.

పిల్ల చిన్నగా కనిపించడానికి చాలాసార్లు అసలు కారణం వయసు. 5 వారాల పిల్లను 9 వారాలదని చూపిస్తే ఎవరికైనా అరచేతిలో పట్టే 'టీకప్'లాగే ఉంటుంది. దీన్ని పట్టించేవి పళ్లు. 8 వారాలకల్లా సాధారణంగా 28 పాలపళ్లూ వచ్చేస్తాయి. వెనక దవడ ఖాళీగా ఉంటే వయసు మీద అనుమానం పెట్టుకోవాలి. బాగా చిన్న జాతుల్లో పళ్లు కాస్త ఆలస్యమవుతాయి కాబట్టి డబ్బు కట్టేముందే పశువైద్యుడికి చూపించడం మేలు. 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నియమాల ప్రకారం 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అంటే వయసు దాచడం చట్టాన్ని తప్పించుకోవడం కూడా.

రెండో కారణం ఆకలి. తల్లిపాలు తొందరగా మాన్పించి, మేత తగ్గించి పెంచిన పిల్ల బరువు రాదు. బొచ్చు కింద వేళ్లతో తడిమితే వెన్నుపూస గుచ్చుకుంటుంది, కడుపు మాత్రం నులిపురుగులతో ఉబ్బి ఉంటుంది. అలాంటి పిల్ల ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాక 'టీకప్' కాస్తా 4 కిలోలకు పెరుగుతుంది. ఆ పెరుగుదల మంచిదే. దగా జరిగింది ధరలో.

మూడోది నిజంగానే అతి చిన్నగా పుట్టిన పిల్ల. ఎక్కువ డబ్బు పలికేది ఇదే, ఎక్కువ బాధపడేదీ ఇదే. ఒంట్లో చక్కెర నిల్వ తక్కువ కనుక కొన్ని గంటలు తిండి తప్పితే తూలుతుంది, ఫిట్స్ వస్తాయి. రోజుకు నాలుగైదు సార్లు పెట్టాలి. తూలడం మొదలైతే చిగుళ్లకు తేనె గానీ గ్లూకోజు గానీ రుద్ది వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. నడినెత్తిన ఎముక మూసుకోకపోవడం, మోకాలిచిప్ప జారడం, శ్వాసనాళం నొక్కుకుపోవడం, కాలేయ రక్తనాళ లోపం వీటిలో ఉంటాయేమో చూడాలి. ఆ చిన్న ఒంటికి మత్తుమందు ఇవ్వడం కూడా ప్రమాదమే. ఇంత బలహీనతకు అదనపు ధర వసూలు చేయడం తప్పు.

పెద్దయ్యాక సైజు అంచనా వేయాలంటే తల్లిని చూడాలి, వీలైతే తండ్రినీ. ఫొటో చాలదు. టేపుతో భుజం దగ్గర ఎత్తు కొలిచి, కాటా మీద తూచమనండి. తల్లిని చూపించలేమంటే అక్కడ కొనకండి. పిల్లనూ వంటింటి డిజిటల్ కాటా మీద పెట్టించండి. చిన్నజాతులు మూడు, నాలుగు నెలల మధ్య పెద్ద బరువులో సుమారు సగానికి చేరతాయి. 12 వారాలకే 2 కిలోలున్న పిల్లను '2 కిలోల టీకప్' అని అమ్ముతుంటే లెక్క అక్కడే తేలిపోతుంది. పామ్ కొనేవాళ్లు ఇంకోటి గమనించాలి. మన ఊళ్లలో దశాబ్దాలుగా 'పామ్' అని పిలిచే తెల్ల కుక్కల్లో ఎక్కువ భాగం ఇండియన్ స్పిట్జ్. మన ఎండకు తట్టుకునే చక్కటి జాతి అది, కానీ పామేరియన్ ధర దానికి కట్టకూడదు.

ధరలో దాపరికాలు ఇంకా ఉన్నాయి. ప్రకటనలో కనిపించే ధర తరచుగా వంశ నమోదు కాగితాలు లేని పిల్లది. కేసీఐ కాగితం అడిగితే వేలల్లో పెరుగుతుంది, నిజానికి నమోదు ఖర్చు అంత ఉండదు. కాగితం కూడా వంశానికి రుజువే, సైజుకు కాదు. మైక్రోచిప్ నంబరును స్కానర్‌తో చదివించి కాగితంతో సరిపోల్చాలి. మాల్టీపూ (మాల్టీస్, పూడిల్ కలిపింది) లాంటి సంకర పిల్లకు కేసీఐ కాగితం ఇస్తామంటే అది అబద్ధం. 'ఇంపోర్టెడ్' అంటే పుట్టుక పత్రాలు అడగండి: వ్యాపారం కోసం, పెంపకం కోసం కుక్కల దిగుమతిని కేంద్రం 2016లోనే నిషేధించింది. టీకా కార్డులో సీసా స్టిక్కరు, బ్యాచ్ నంబరు, డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు లేకపోతే టీకా వేయనట్టే లెక్క. పిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ జబ్బు వస్తే ఆసుపత్రి ఖర్చు పిల్ల ధరను దాటొచ్చు.

అడ్వాన్సు కట్టేముందు బిల్లు మీద జాతి, పుట్టిన తేదీ, ఆ రోజు తూకం, తల్లిదండ్రుల ఎత్తు, బరువు రాయించుకోండి. 'టీకప్' అని నోటితో చెప్పినవాళ్లను అదే మాట బిల్లులో రాయమనండి. వాట్సాప్ సందేశాలు చెరిపేయొద్దు. తేడా వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. 2019 చట్టం ప్రకారం అమ్మినవాళ్లు ఏ ఊళ్లో ఉన్నా, మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే రెండేళ్లలోపు ఫిర్యాదు వేసుకోవచ్చు.