హోటల్ మేనేజ్‌మెంట్ డిగ్రీ: ప్రాక్టికల్స్ భేష్, ట్రైనింగ్ విషయంలో జాగ్రత్త

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాల్లో ప్లస్ టూ ముగించి హోటల్ మేనేజ్‌మెంట్ వైపు చూస్తున్న తెలుగు పిల్లలు, వారి తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: ఈ డిగ్రీలో నిజంగా పని నేర్పుతారా? 1982లో ఏర్పడిన జాతీయ హోటల్ మేనేజ్‌మెంట్ కౌన్సిల్ పరిధిలోని ఒక కళాశాలలో మూడేళ్ల బీఎస్సీ పూర్తిచేసిన నా అభిప్రాయం ఏమిటంటే, కళాశాలలో చాలా చక్కగా నేర్పుతారు. బయట హోటల్‌లో జరిగే ట్రైనింగ్ మాత్రం అందరికీ ఒకేలా ఉండదు.

మొదటి ఏడాది నుంచే వంట, వడ్డన, ఫ్రంట్ ఆఫీస్ (రిసెప్షన్), హౌస్‌కీపింగ్ (గదుల శుభ్రత, సర్దుబాటు) అనే నాలుగు విభాగాల్లోనూ ప్రాక్టికల్స్ ఉంటాయి. వాటిలో కిచెన్ తరగతులకు సాటి లేదు. వెన్నలో మైదా పచ్చివాసన పోయేదాకా వేయించి, పాలు కొద్దికొద్దిగా పోస్తూ ఉండ కట్టకుండా వైట్ సాస్ చేయాలి. గరిటె వెనక పట్టిన సాస్ మీద మా గురువుగారు వేలితో గీత గీసి, అది చెదరకుండా నిలిస్తేనే మార్కులు వేసేవారు, లేకపోతే మళ్లీ మొదటి నుంచి చేయించేవారు. ఇంత ఓపికగా నేర్పే డిగ్రీలు ఎన్ని ఉన్నాయి? దుప్పటి మూలలు మడిచి బిగించడంలోనూ అంతే పట్టుదల చూపేవారు.

ఒడియా మాధ్యమంలో చదివినవారికి మొదటి సెమిస్టర్ కష్టమే, ఎందుకంటే పాఠాలు ఇంగ్లీషులో సాగుతాయి, ప్రవేశ పరీక్ష కూడా ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది. అయితే తెలుగు, ఒడియా, హిందీ మూడూ ధారాళంగా మాట్లాడే మన పిల్లలు రిసెప్షన్‌లో నిలబడితే ఆ కష్టమంతా ఫలిస్తుంది.

ఇక ట్రైనింగ్. నేను చదివినప్పుడు రెండో ఏడాదిలో సగం తరగతి మూడో సెమిస్టర్‌లో, మిగిలిన సగం నాలుగో సెమిస్టర్‌లో హోటళ్లకు వెళ్లేది. నాలుగు విభాగాలూ తిప్పాలన్నది నియమం. నన్ను తీసుకున్న హోటల్ మాత్రం పెళ్లిళ్ల సీజన్ అని చెప్పి ఎక్కువ రోజులు బాంక్వెట్‌లోనే, అంటే విందుల హాల్లోనే ఉంచింది. బ్రేక్ షిఫ్టులు (మధ్యలో కొన్ని గంటలు విరామం ఇచ్చి ఒకే రోజు రెండు విడతలుగా చేయించే డ్యూటీ), ప్లేట్లు మోయడం తప్ప రిసెప్షన్ కంప్యూటర్‌ను తాకనివ్వలేదు. నా సహాధ్యాయుల్లో కొందరు అలాంటి అనుభవం వల్లే చేతివేగం, ఓర్పు వచ్చాయని అంటారు. వారి మాటను నేను కాదనను, కానీ చౌకగా పనివాళ్లు దొరికారన్నట్టు విద్యార్థిని వాడుకోవడాన్ని శిక్షణ అని ఒప్పుకోలేను. స్నేహితురాలొకామె వెళ్లిన హోటల్‌లో విభాగం మారిన ప్రతిసారీ అక్కడి సూపర్‌వైజర్ కూర్చోబెట్టి, చేసిన పనిలోని లోపాలు వివరించేవారట. చివరికి ఆమెకు అక్కడే ఉద్యోగం వచ్చింది.

భువనేశ్వర్‌లోని కేంద్ర సంస్థకు వెళ్లినా, రాష్ట్ర కళాశాలకో ప్రైవేటు కళాశాలకో వెళ్లినా, ఫీజు కట్టేముందు ట్రైనింగ్ ముగించుకుని వచ్చిన సీనియర్ల లాగ్‌బుక్‌లు (ట్రైనింగ్‌లో చేసిన పని రాసుకునే పుస్తకాలు) అడిగి చూడండి. నాలుగు విభాగాల పేజీలూ సంతకాలతో నిండాయో, ఒకే విభాగం పేరు పుస్తకమంతా ఉందో అందులో తెలిసిపోతుంది.